మా గేదెకున్న పక్కా ఇల్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే తరవాత జరిగినవి చెప్పడం తేలిక. ఆ కోపంలో సగం పుట్టుకతో వచ్చింది, మిగతా సగం అద్దె ఇళ్ళు ఇచ్చాయి.

పెళ్ళయ్యాక అమలాపురంలో పద్నాలుగేళ్ళలో ఆరు ఇళ్ళు మారాం. ఒక ఇంటావిడ మేం ఎన్ని బిందెల నీళ్ళు పడుతున్నామో గుమ్మంలో పీట వేసుకుని మరీ లెక్కపెట్టేది. ఒకాయన మా ఇంటికి చుట్టాలొస్తే ఎన్నాళ్ళుంటారని వాళ్ళనే అడిగేవాడు. అదీ కాఫీ తాగుతూ. ఆ కాఫీ కూడా మాదే. ఇంకొకరి ఇంట్లో పోపు ఘాటు మేడ మీదకి వెళ్ళకూడదు. ఇన్ని రకాల మనుషులూ ఒక్క విషయంలో మాత్రం కూడబలుక్కున్నట్టు ఉండేవాళ్ళు. గోడకి మేకు కొట్టకూడదు. మా అన్నయ్య మోజుపడి మా పెళ్ళి ఫొటోకి ఇంత పెద్ద ఫ్రేము కట్టించాడు. అది ఆరు ఇళ్ళలోనూ మంచం కిందే కాపురం చేసింది. ఏడాదికోసారి బయటికి తీసి, దుమ్ము తుడిచి, మా ఇద్దరి మొహాలూ ఓసారి చూసుకుని మళ్ళీ లోపలికి తోసేసేదాన్ని. సొంతిల్లు ఎందుకని ఎవరైనా అడిగితే, మేకు కొట్టుకోడానికి అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన కొబ్బరికాయల కొట్టులో గుమాస్తా. ఇద్దరి జీతాలూ కలిపితే ఇల్లు కొనాలని అనుకోడానికి సరిపోతాయి, కొనడానికి సరిపోవు. అలాంటి సమయంలో, ఊరి చివర వరిచేను పూడ్చి వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు. బ్యాంకువాళ్ళు అప్పిస్తామన్నారు గానీ నెలనెలా కట్టాల్సింది మా తలకి మించిన బరువు. ఆ బ్యాంకులో పెద్దాయనే ఒక దారి చెప్పారు. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్ళకి ప్రభుత్వం వడ్డీలో రాయితీ ఇస్తోందట. రెండు షరతులు. ఒకటి, ఇల్లు ఆడమనిషి పేరు మీద ఉండాలి. రెండు, మొగుడికి గానీ పెళ్ళానికి గానీ దేశంలో ఇంకెక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు.

రెండోది విని పకపకా నవ్వేశాను. ఇల్లు లేకపోవడం కూడా ఒక అర్హత అవుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. మొదటిది మాత్రం ఆయనచేత ఇంకోసారి చెప్పించుకున్నాను. నా పేరు మీద అప్పటికి ఉన్నది గ్యాసు పుస్తకం ఒక్కటే. ఇల్లు అమ్మేవాళ్ళు మూడు నెలలు ఆగుతామన్నారు. ఆ లోపల రాయితీ మంజూరు కాకపోతే ఇంకొకరికి అమ్మేసుకుంటామన్నారు. ఆ రోజు నుంచీ స్కూల్లో పిల్లలకి భిన్నాలు చెప్తున్నా నా బుర్రలో వంటింటి అలమర ఎటువైపు పెట్టాలన్న లెక్కే నడిచేది.

మా ఆయనకి ఉత్సాహం వచ్చిందంటే పట్టడం కష్టం. ఇంటి అప్పు మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో కూడా మినహాయింపు ఉంటుందని కొట్లో ఎవరో అన్నారట. పన్నుల కాగితాలు రాసే ఒక పెద్దమనిషి దగ్గరకి నన్ను లాక్కెళ్ళారు. ఆయన మా జీతాల కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశారు.

"మినహాయింపు ఉందండీ, లేకేవండీ. కానీ మీకు పన్నే లేదు కదండీ. దేంట్లోంచి మినహాయించమంటారండీ?" అన్నారు ఎంతో మర్యాదగా.

మా ఆయన మొహం మాడిపోయింది. కాసేపు ఆలోచించి, "పోనీ ఎంతో కొంత పన్ను కట్టేస్తానండీ. తరవాత మినహాయించుకోవచ్చాండీ?" అని అడిగారు.

ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. మెట్లు దిగుతున్నప్పుడు మా ఆయన గొంతు తగ్గించి, "మనకి పన్ను లేదన్న సంగతి నలుగురిలో అనకు" అన్నారు. నేను అనలేదు. ఇదిగో, ఇప్పుడే రాస్తున్నాను.

రాయితీకి దరఖాస్తు పెట్టిన పది రోజులకి గృహనిర్మాణ శాఖ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చున్నాయన మా ఆధార్ నంబర్లు కొట్టి, తెర చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ తెర చూశాడు.

"మీకు పక్కా ఇల్లుంది కదండీ" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

"ఉందండీ. మురమళ్ళ అవతల, మీవారి పేరు మీదండీ. డోర్ నంబరుంది. ఇంటి మీటరుంది. స్లాబు ఇల్లని రాసుందండీ. ఇంటిపన్ను ఒక్క ఏడు కూడా తప్పకుండా కడతన్నారు."

నేను మెల్లగా మా ఆయన వైపు తిరిగాను. పద్నాలుగేళ్ళుగా నాకు తెలీకుండా ఈయనకి ఎక్కడో ఒక స్లాబు ఇల్లుంది. ఇల్లుంటే అందులో ఎవరో ఉండాలి కదా. ఆ ఒక్క నిమిషంలో నా బుర్ర ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో చెప్తే మీరు నవ్వుతారు. ఆయన తేలు కుట్టిన దొంగలా గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డారు.

"ఎవరుంటున్నారు ఆ ఇంట్లో?" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలి నమిలి, చివరికి చెప్పారు.

"మన గేదే."

ఆ ఇంటి కథ ఇది. మా అత్తగారి ఊరు మురమళ్ళ దాటాక నాలుగు కొబ్బరితోటల అవతల. ఆస్తి పంపకాల్లో పెంకుటిల్లు మా బావగారికి వచ్చింది. అత్తగారు ఆయన దగ్గరే ఉంటారు. ఇంటి వెనక దొడ్డి, పది కొబ్బరిచెట్లు, పశువుల పాక మా ఆయన వంతుకొచ్చాయి. పాక వంతుకొచ్చినా అందులోని గేదె మాత్రం ఎప్పుడూ అత్తగారిదే. తాటాకుల పాకని తుఫాను రెండుసార్లు ఎత్తుకుపోయింది. రెండోసారి విరిగిపడ్డ దూలం కింద ఒక పెయ్యదూడ చనిపోయింది. అత్తగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా పెళ్ళికి ముందు ఏడాది మా ఆయన చేతిలో ఉన్నదంతా పెట్టి, స్తంభాలు లేపి, ఇటికలతో గోడలు కట్టి, పైన స్లాబు పోయించారు. ఇంక ఏ తుఫానైనా రానీ అన్నారట. అక్కడితో ఆగితే మేం బాగుండేవాళ్ళం. గేదెకి ఉక్క పోస్తోందని, దోమలు కుడుతున్నాయని ఫ్యాను పెట్టాలనుకున్నారు. ఇంటి మీటరు కావాలంటే ఇంటిపన్ను రసీదు తెమ్మన్నారు కరెంటువాళ్ళు. పన్ను కడతానంటే పంచాయతీ వద్దంటుందా? పాకని ఇల్లని రాసుకుని, బావగారి డోర్ నంబరుకే చివర ఒక అక్షరం తగిలించి ఇచ్చేశారు.

ఆ ఫ్యాను నేనూ చూశాను. మా ఆరు ఇళ్ళలో దేని ఫ్యానూ అంత బాగా తిరగలేదు. మాకు రేకుల కింద అద్దె కాపురం, గేదెకి స్లాబు కింద సొంతిల్లు. ఆ సొంతిల్లు ఉంది గనక నాకు ఇల్లు రాదు. బస్టాండు దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే మా ఆయనకి ఎక్కువ భయం.

కంప్యూటరు ముందాయన నిజానికి మంచివాడే, మేం లేచేముందే దారి కూడా చెప్పాడు. "పాకైతే పాకేనని రాయించుకోవచ్చండీ. మీ ఊరి సచివాలయం నుంచి ఆఫీసరమ్మ వచ్చి, లోపల చూసి, ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తారండీ. అక్కణ్ణించి పాకని వస్తే ఇక్కడ ఇల్లు తీసేస్తాం" అన్నాడు. పని ఇంత తేలికా అనిపించింది. గేదె ఉంది, పేడ ఉంది, గడ్డివాము ఉంది. పాక కాదని ఎవరంటారు? మా ఆయన వాళ్ళమ్మగారికి ఫోను చేసి, బుధవారం పదిగంటలకి ఒక ఆఫీసరమ్మ వస్తున్నారు, పాక లోపలికి వెళ్ళి చూస్తారు, మేమూ వచ్చేస్తాం అని చెప్పారు.

మా అత్తగారి సంగతి తెలిసి కూడా మేమిద్దరం దీనికి మించి ఏమీ ఆలోచించలేదు. తప్పు మాదే. ఆవిడ గడప దాటి వచ్చిన మనిషి ఉత్త చేతులతో, ఖాళీ కడుపుతో వెళ్ళడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. మీటరు రీడింగు తియ్యడానికి వచ్చినాయన పనసపొట్టు కూరతో భోంచేసి, చెయ్యి తుడుచుకుని, రీడింగు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయిన ఇల్లది.

బుధవారం స్కూల్లో పర్మిషను పెట్టాను. ముమ్మిడివరం దగ్గర బండి పంక్చరైంది. మేం వెళ్ళేసరికి పదకొండు దాటింది. దొడ్లోకి అడుగుపెట్టి ఇద్దరం ఆగిపోయాం. పాకకి కొత్తగా సున్నం వేశారు. గుమ్మం ముందు తామరపువ్వుల ముగ్గు. లోపల గచ్చు కడిగి ఫినాయిలు చల్లారు. గోడకి దేవుడి క్యాలెండరు. ఒక పక్క నవారు మంచం, దాని మీద మడత విప్పని కొత్త దుప్పటి. మధ్యలో, తిరుగుతున్న ఫ్యాను కింద, కుర్చీలో ఆఫీసరమ్మ. ముప్పై ఏళ్ళుంటాయేమో, బదిలీ మీద కొత్తగా వచ్చినావిడ. పక్కన స్టూలు మీద తాగేసిన బొండం, సగం తిన్న పూతరేకు, స్టీలు గ్లాసులో కాఫీ. గేదె లేదు. ఆఫీసరమ్మకి వాసన కొడుతుందని, ఈగలు ముసురుతాయని దాన్ని తెల్లారగట్లే పక్కవాళ్ళ తోటకి తోలేశారట.

గోడకి ఒక మేకు కూడా ఉంది. క్యాలెండరు వేలాడుతున్నది దానికే. నేను ముందు చూసింది దాన్నే.

అత్తగారు చేటలో జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమలు, రెండు అరటిపళ్ళు పెట్టుకుని నిలబడ్డారు.

"వద్దండీ, లంచమంటారండీ" అంటోంది ఆఫీసరమ్మ కంగారుగా.

"పసుపు కుంకుమ లంచమేంటమ్మా? ముత్తైదువువి, గడపలోకొచ్చేవు. బొట్టెట్టకుండా పంపితే నాకు పాపం కదా?" అన్నారు అత్తగారు. బొట్టు పెట్టేశారు కూడా.

ఆఫీసరమ్మ నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. "మీరేనాండీ అర్జీ పెట్టింది? పాక ఎక్కడండీ?"

"ఇదేనండీ" అన్నాను.

ఆవిడ చుట్టూ చూసింది. ఫ్యాను చూసింది, మంచం చూసింది. "ఇది ఇల్లు కదండీ?"

"ఆయ్, ఇల్లులాగే చూసుకుంటామమ్మా" అన్నారు అత్తగారు ఎంతో సంతోషంగా. అంతటితో ఆగలేదు. ఇనప తీగకి గుచ్చిన ఇంటిపన్ను రసీదుల దండ మొత్తం పట్టుకొచ్చి చూపించారు. "చూడమ్మా, మేం ఒక్క ఏడు కూడా బాకీ పెట్టలేదు. మా గురించి ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

నాకు నేల మీద కూలబడి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా ఆయన మాత్రం ఒక్క ఉదుటున పక్కతోటకి పరిగెత్తి గేదెని పట్టుకొచ్చారు. గేదె లోపల ఉంటే పాకే కదా అని ఆయన లెక్క. ఆ గేదె ఆ పాకలోనే పుట్టింది. అయినా గుమ్మం దాకా వచ్చి, ముగ్గు చూసి, ఫినాయిలు వాసన చూసి బిగుసుకుపోయింది. ముందునుంచి మా ఆయన లాగారు, వెనకనుంచి నేను తోశాను. స్కూలు చీరలో ఉన్నాను. అది పిలవని పేరంటానికి వెళ్ళనన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"దానికి ఇది అలవాటు లేదనుకుంటానండీ" అంది ఆఫీసరమ్మ. ఎగతాళి కాదు. ఆవిడ నిజంగానే అలా అనుకుంది.

నేను ఎంతో చెప్పాను. ఆవిడ విన్నది కూడా. "మీ మాట నమ్ముతానండీ. కానీ యాప్‌లో నేను చూసిందే ఎక్కించాలండీ. నా కంటికి కనపడింది ఇల్లేనండీ" అంది. నాలుగు ఫొటోలు తీసుకుని, స్కూటీ మీద జాకెట్టు గుడ్డతో సహా వెళ్ళిపోయింది. అత్తగారు చేటలోంచి దాన్ని బండి డిక్కీలో ఎప్పుడు పెట్టేశారో ఎవరికీ తెలీదు.

వారం తిరక్కుండా తెర మీద కొత్త మాట చేరింది. పక్కా ఇల్లు కలదు, పరిశీలనలో నిర్ధారణ అయినది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంతకుముందు రికార్డులోనే ఇల్లు, ఇప్పుడు ఫొటోల్లో కూడా ఇల్లు. మళ్ళీ పరిశీలన కోరుతూ ఒక్కసారి అర్జీ పెట్టుకోవచ్చన్నారు. ఒక్కసారే. ఇల్లు అమ్మేవాళ్ళ గడువు ఇంక మూడు వారాలుంది. అర్జీ పెట్టాం. తేదీ వచ్చింది.

ఈసారి ఫోను నమ్ముకోలేదు. ఆదివారం నేనొక్కదాన్నే బస్సెక్కి అత్తగారి దగ్గరకి వెళ్ళాను. దారి పొడుగునా కోపాన్ని జాగ్రత్తగా మోసుకెళ్ళాను. ఆవిడ ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చారు. అవీ పుచ్చుకోలేదు.

"మీ మర్యాదకి నా ఇల్లు పోయిందండీ" అన్నాను.

పద్నాలుగేళ్ళలో ఆవిడతో నేనలా మాట్లాడలేదు. ఆవిడ చెంబు కింద పెట్టి, నా ఎదురుగా కూర్చున్నారు. "ఏం చెయ్యమంటావో చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. లెక్కల టీచర్ని, వరసగా చెప్పాను. మూడు రోజులు పాక ఊడవకూడదు, పేడ తియ్యకూడదు. మంచం ఉండకూడదు, కుర్చీ ఉండకూడదు, ముగ్గు ఉండకూడదు. గేదె లోపలే ఉండాలి. ఆవిడ ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అంటూ తలూపారు. పేడ దగ్గర మాత్రం గొంతు కాస్త సన్నబడింది. చివరికి, కోపం ఇంకా మిగిలిపోయి, అవసరం లేని మాట ఒకటి కూడా అనేశాను.

"మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు. ఫొటోలో గ్లాసు పడితే మళ్ళీ ఇల్లని రాస్తారు."

"ఎండనపడి వస్తాదమ్మా, ఆడపిల్ల. మంచినీళ్ళు కూడానా?"

"కూడానండీ" అన్నాను.

ఆవిడ కొంచెంసేపు తన అరచేతులు చూసుకున్నారు. తరవాత, "అలాగేలేమ్మా. నీ ఇల్లు కదా" అన్నారు.

ఆ మూడు రోజులూ మా తోడికోడలు రోజూ ఫోను చేసేది. మొదటిరోజు, "అత్తయ్యగారు చీపురు పట్టుకుని పాక దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చేసేరు" అంది. రెండోరోజు, "గేదె దగ్గర నిలబడి, రెండ్రోజులు ఓర్చుకోమ్మా, అమ్మాయిగారికి ఇల్లొస్తాది అని బతిమాలుతున్నారు" అంది. మూడోరోజు, "ఈగలు మా వంటింట్లోకి వచ్చేసేయి. నీ ఇల్లు వచ్చేలోపల మేం ఇల్లు ఖాళీ చేసేలా ఉన్నాం" అని నవ్వింది. నేనూ నవ్వాను. పాకలో ఫ్యాను కూడా ఆపేశారట. గేదె ఆ ఒక్కటీ క్షమించలేదు, పాలు సగానికి తగ్గించేసింది.

ఆ రోజు బండి పంక్చరవ్వలేదు. ముందే వెళ్ళి నిలబడ్డాం. వైశాఖమాసపు ఎండ, కొబ్బరాకు కదలడం లేదు. పాక లోపలికి నేనే వెళ్ళలేకపోయాను. ఆఫీసరమ్మ స్కూటీ దిగింది, మొహం చెమటతో నిండిపోయింది. అత్తగారు పాక పక్కన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో ఖాళీ పేడతట్టతో నిలబడ్డారు. ఆవిడ రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎలా ఉన్నావమ్మా అని కూడా అనలేదు. ఆఫీసరమ్మ ఆవిడని చూసి పలకరింపుగా నవ్వింది. అత్తగారు తల దించేసుకున్నారు.

లోపలికెళ్ళగానే ఆఫీసరమ్మ చెప్పు పేడలో దిగబడింది. గేదె ఒక్క విసురు విసిరిన తోక ఆవిడ భుజం మీద తగిలి చీర మీద పచ్చటి చార పడింది. అత్తగారి గొంతులోంచి అయ్యో అన్నమాట సగం వచ్చి ఆగిపోయింది. ఆఫీసరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ మూల నుంచి, ఈ మూల నుంచి ఫొటోలు తీసింది. యాప్‌లో నివసించువారి సంఖ్య అడుగుతోందట. సున్నా కొట్టబోతుంటే గేదె గట్టిగా అరిచింది.

"దీన్ని లెక్కేసుకోమంటున్నట్టుందండీ" అంది ఆఫీసరమ్మ, సున్నా కొట్టేసి.

మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వలేదు. ఆఫీసరమ్మ బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎండలో ఒక్క క్షణం నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అరుగు పక్కనే ముందురోజు దింపిన బొండాల గుట్ట ఉంది, దాని మీద కత్తి ఉంది. అత్తగారి చెయ్యి అటువైపు కదిలింది. నా వైపు చూశారు. ఆ చెయ్యి మళ్ళీ తట్ట మీదకి వచ్చేసింది. ఇవ్వండి అని నేను ఒక్క మాట అనొచ్చు. ఫొటోలు తియ్యడం అయిపోయింది కూడా. కానీ యాప్‌లోకి ఇంకా ఎక్కలేదేమో, మళ్ళీ ఏం అడ్డం వస్తుందోనని నోరు పెగల్లేదు. ఈలోపల ఆఫీసరమ్మ నమస్కారం పెట్టి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

అత్తగారు తట్ట అక్కడే వదిలేసి, అరుగు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"దాహంతో ఉన్న మనిషిని నా గుమ్మంలోంచి ఉత్తినే పంపించేనమ్మా. నా జన్మలో ఎప్పుడూ లేదు" అన్నారు.

నాకు చాలా సిగ్గేసింది. ఆవిడ దగ్గర ఇంటి పట్టా లేదు, పొలం కాగితం లేదు, బ్యాంకు పుస్తకం కూడా బావగారి దగ్గరే ఉంటుంది. ఊళ్ళో ఆవిడ సంపాదించుకున్నదల్లా ఫలానావారి ఇంటికెళ్తే ఉత్తినే పంపరు అన్న పేరొక్కటే. దాన్ని తీసి నా ఇంటి కోసం పేడలో పెట్టేశారు. నేను ఆవిడ పక్కన కూర్చుని ఏదో అనబోయాను. ఆవిడ అప్పటికే కళ్ళు తుడుచుకుని లేచి, చీపురు, నీళ్ళ బకెట్టు తీసుకుని పాకలోకి వెళ్ళిపోయారు. నేనూ కొంగు దోపుకుని వెనకే వెళ్ళాను. ఇద్దరం రెండు గంటలు కడిగాం. ముందు ఫ్యాను వేశాం.

గడువుకి నాలుగు రోజులుందనగా మంజూరైంది. రిజిస్ట్రేషను, గృహప్రవేశం, పాలు పొంగించడం అన్నీ వరసగా జరిగాయి. మేకు నేనే కొట్టాను. మొదటిది వంకరపోయింది, రెండోదానికి గోడ పెచ్చు లేచింది, మూడోదానికి ఫొటో నిలబడింది. నా గోడ, నా పెచ్చు. ఎవరూ పైనుంచి దిగి రాలేదు. పంచాయతీలో గేదె డోర్ నంబరు రద్దు చేసేశారు. మీటరు పశువుల పాకకి మార్చుకున్నాం, ఫ్యాను మాత్రం ఉంచాం. "పాపం, దానికి ఇల్లు లేకుండా అయిపోయింది" అని అత్తగారు ఇప్పటికీ అంటారు.

నాకు మాత్రం అన్నిటికంటే బాగా గుర్తున్నది మంజూరు కాగితం చేతికొచ్చిన రోజు. దాన్ని మడత పెట్టకుండా ఫైల్లో పెట్టుకుని బస్సెక్కి అత్తగారి దగ్గరకే ముందు తీసుకెళ్ళాను. ఆవిడ దొడ్లో కొబ్బరాకులు చీల్చి ఈనెలు తీస్తున్నారు. చేతులు చీరకి తుడుచుకుని, కాగితం దూరంగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నా పేరు చదివారు. దాని పక్కన ఇంకెవరి పేరైనా ఉందేమోనని వేలితో ఆ వరస చివరిదాకా వెళ్ళారు.

"నీ ఒక్కదాని పేరేనా?"

"ఒక్కదానిదేనండీ."

"ఇంక మార్చరా?"

"ఇంకెవరూ మార్చలేరండీ. అయిపోయింది."

ఆవిడ కాగితం నాకు తిరిగిచ్చారు. లోపలికి వెళ్ళారు. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. కాసేపటికి ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు సంచిలో పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చారు. చెప్పులు వేసుకుంటూ నన్ను అడిగారు.

"అయితే, ఇప్పుడు ఆ అమ్మాయికి కాఫీ ఇవ్వచ్చామ్మా?"